కమిటీలో పేరు వేస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా అక్కా?

గుంటూరు నుంచి వచ్చి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో రెండేళ్ళుగా ఉంటున్న ఒక తమ్ముడు పోయిన వారం ఫోన్ చేశాడు. వాళ్ళ లేఅవుట్ దగ్గర ఒక సహాయ సంఘం ఉందట. పేషెంట్లకు మందులు, కూలీల పిల్లలకు ఫీజులు, అప్పుడప్పుడూ బియ్యం ఇస్తుంటారు. ఇతను రెండు ఆదివారాలు వెళ్ళి బస్తాలు మోశాడు. మూడో ఆదివారం వెళ్ళేసరికి, "మీరు సాఫ్ట్‌వేర్ కదా, లెక్కలు బాగా వస్తాయి, కోశాధికారిగా ఉండండి" అన్నారట. "ఒప్పుకోవచ్చా అక్కా? మన రాష్ట్రం కాదు, కన్నడం సరిగ్గా రాదు. రేపు ఏదైనా తేడా వస్తే?" అని అతని టెన్షన్.

నేను అనంతపురం నుంచి బెంగళూరొచ్చి ఇరవై నాలుగేళ్ళయింది. ఎన్నారైలంటే అమెరికా వెళ్ళినవాళ్ళే అనుకుంటాం గానీ, నా లెక్కలో బాగేపల్లి టోల్‌గేటు దాటినవాళ్ళమంతా ఎన్నారైలమే. ఓటు ఒకచోట, రేషన్ కార్డు ఇంకోచోట, సంక్రాంతికి బస్సు టికెట్ ఎక్కడా ఉండదు. పదకొండేళ్ళుగా ఇలాంటిదే ఒక చిన్న సంఘం కార్యవర్గంలో ఉన్నాను కాబట్టి, అతనికి ఫోన్‌లో చెప్పింది ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

ఒప్పుకోమనే చెప్పాను. కానీ కమిటీలో చేరడమంటే శాలువా కప్పించుకోవడం కాదు, సంతకం పెట్టడం. ఆ సంతకం సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే తప్పు చేసింది నేనే.

నేనూ కోశాధికారినే అప్పుడు. ఉద్యోగం కూడా ఒక గార్మెంట్స్ కంపెనీ అకౌంట్స్‌లో. సంక్రాంతికి ఊరెళ్తూ, మందుల షాపు బిల్లు ఆగిపోకూడదని నాలుగు ఖాళీ చెక్కుల మీద సంతకం పెట్టి కార్యదర్శి చేతికిచ్చి వెళ్ళాను. ఆఫీసులో ఎవరైనా ఆ పని చేస్తే నేనే మెమో ఇప్పించేదాన్ని! ఎనిమిది రోజుల తర్వాత వచ్చి చూస్తే, అందులో ఒక చెక్కు అరవై వేలకు వెళ్ళింది. సంఘం గది చిన్నదైపోయిందని, కార్యదర్శి పెద్ద గదికి అడ్వాన్స్ ఇచ్చేశారు. ఆయన ఒక్క రూపాయి తినలేదు, రసీదు కూడా ఉంది. కానీ తీర్మానం లేదు. మీటింగ్‌లో ఆ మాటే రాలేదు.

అదే వారం ధర్మవరం నుంచి ఒక మగ్గం నేసే జంట బిడ్డను తీసుకుని పిల్లల ఆస్పత్రికి వచ్చారు. ఆ తల్లి రిపోర్టులన్నీ పట్టుచీర పెట్టే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, దాన్ని రెండు చేతులతో గుండెకు అదుముకుని నిలబడింది. స్కానింగ్‌కి, నాలుగు రోజుల గది అద్దెకి సాయం అడిగారు. పాస్‌బుక్ తీస్తే 1,140 రూపాయలున్నాయి. మాలో మేము పోగేసి ఇచ్చాం, పని జరిగింది. కానీ మా అధ్యక్షుడు, మంగళూరు పెద్దాయన, నన్నొకటే అడిగారు: "ఆ చెక్కు మీద పేరు ఎవరిదమ్మా?" ఇప్పటికీ ఎక్కడైనా ఖాళీ కాగితం మీద సంతకం పెట్టమంటే ఆయన గొంతే వినిపిస్తుంది.

ఆ తర్వాత మేం పెట్టుకున్న పద్ధతి ఇది. ఏ చెక్కుకైనా రెండు సంతకాలుండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. అయిదు వేలు దాటితే తీర్మానం. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెడితే అది తీర్మానం కాదు, మీటింగ్ నిర్ణయాలు రాసే మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి.

కాబట్టి తమ్ముడూ, సరే అనేముందు కొన్ని కాగితాలు అడుగు. మొదట అది సొసైటీయా, ట్రస్టా అన్నది తెలుసుకో. ఇక్కడ సొసైటీలు 1960 నాటి కర్ణాటక సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉంటాయి. చెన్నైలో ఉన్నవాళ్ళకైతే 1975 నాటి తమిళనాడు చట్టం. ట్రస్టయితే డీడ్, అంటే దాన్ని ఏర్పాటు చేసిన పత్రం, చదవందే ఊ అనకు, అందులో నుంచి బయటికి రావడం సొసైటీలో రాజీనామా ఇచ్చినంత తేలిక కాదు. తర్వాత బైలా (సంఘం నియమావళి) కాపీ, మూడేళ్ళ ఆడిట్ లెక్కలు, రిజిస్ట్రార్‌కి ఏటా ఇవ్వాల్సిన కార్యవర్గ సభ్యుల జాబితా, లెక్కలు ఇస్తున్నారా లేదా. చివరగా పాస్‌బుక్. జిరాక్స్ కాదు, పాస్‌బుక్కే. "మన మీద నమ్మకం లేదా?" అని మొహం మాడ్చుకుంటే, ఇంకో సంఘం చూసుకో. బస్తాలు మోసేవాళ్ళు అన్నిచోట్లా కావాలి.

కోశాధికారివైతే నీకు వచ్చే మొదటి ఫోన్ అమెరికా నుంచే. "బావా, నేనొక అయిదు వందల డాలర్లు పంపిస్తా, అకౌంట్ నంబరివ్వు" అంటాడు ఎవడో. ఇక్కడే మనవాళ్ళు తెలియక ఇరుక్కుంటారు. పంపేవాడి దగ్గర ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే ఉండి, సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే దాన్ని విదేశీ విరాళం అనరు. అదే మనిషి అక్కడి పౌరసత్వం తీసుకున్నాడంటే, మన సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు చేతిలో ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీయుడే. విదేశీ విరాళాల చట్టం, 2010 కింద అనుమతి లేని సంఘం ఆ డబ్బు ముట్టుకోకూడదు. అనుమతి ఉన్నా 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి, ఆఫీసు ఖర్చులకి 20 శాతం దాటకూడదు, ఇంకో సంస్థకి మళ్ళించకూడదు. మా మేనల్లుడికి ఇది చెప్తే "సొంతూరి వాళ్ళకిచ్చేదానికి కూడా ఇంత తతంగమా అత్తా" అని అలిగాడు. అలిగితే అలగనీ. అకౌంట్ నంబరిచ్చేముందు పాస్‌పోర్టు ఏ దేశానిదో అడుగు. ఇక్కడివాళ్ళు ఇచ్చేదాంట్లో, విరాళానికి ఆదాయపు పన్నులో వచ్చే 80జీ మినహాయింపు అడిగేవాళ్ళకి ఒకటి చెప్పాలి: రెండు వేలు దాటి నోట్లిస్తే ఆ మినహాయింపు రాదు, చెక్కో యూపీఐయో మేలు.

కన్నడం గురించి అంత బెంగ అక్కర్లేదు. లిపి మనదానికి తోబుట్టువు, పదిహేను రోజులు బస్సు బోర్డులు చదివితే కళ్ళకు పట్టేస్తుంది. మా మినిట్స్ కన్నడంలోనే ఉంటాయి. మొదట్లో "ఇల్లి సహి హాకి" అనగానే పెట్టేసేదాన్ని. ఇప్పుడు "ఒందు సల ఓది హేళి" అంటాను, ఒకసారి చదివి చెప్పమని. ఎవరూ విసుక్కోలేదు. పైగా నాలాగే అర్థం కాక ఊరుకున్న ఇద్దరు కన్నడిగులు కూడా అప్పటినుంచి శ్రద్ధగా వింటున్నారు.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకొక జబ్బుంది, కోపం తెచ్చుకోకు. కమిటీలోకి రాగానే యాప్ చేద్దామంటారు. మా దగ్గర ఒకబ్బాయి చేశాడు, అతను పుణె వెళ్ళిపోగానే పాస్‌వర్డ్ కూడా వెళ్ళిపోయింది. దానికన్నా ఆదివారం ఒక షెడ్ల కాలనీకి వెళ్ళి కూర్చో. మారతహళ్ళి, వర్తూరు వైపు కడుతున్న అపార్ట్‌మెంట్ల దగ్గర రేకుల షెడ్లలో కర్నూలు, రాయచూరు వాళ్ళు ఉంటారు, మన భాషలోనే గోడు చెప్పుకుంటారు. వాళ్ళకి బియ్యం బస్తా కన్నా కాగితమే ఎక్కువ అవసరం. ఏడాదిలో 90 రోజులు భవన నిర్మాణ పని చేసి, 18 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉన్నవాళ్ళు కార్మిక సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. ఆ పేరుంటే పిల్లల చదువు సాయం లాంటివి అడిగే హక్కు వస్తుంది. 90 రోజుల పని సర్టిఫికెట్ కోసం మేస్త్రీల వెనక తిరగడమే అసలు శ్రమ. ఆహార భద్రతా చట్టం కింద ఉన్న కార్డయితే ఆంధ్రా రేషన్ కార్డుతో ఇక్కడి డిపోలోనూ వేలిముద్ర వేసి ధాన్యం తీసుకోవచ్చు. ఈ సంగతి తెలియక ఏళ్ళ తరబడి ఊళ్ళో కార్డు బీరువాలో పెట్టుకున్నవాళ్ళను చూశాను.

అయితే ఈ తిరిగే పని వాలంటీరుగా చెయ్యి, కమిటీ మనిషిగా కాదు. రెండూ కలిపేస్తే, నువ్వు చేసిన ఖర్చును నువ్వే ఆమోదించుకునే పరిస్థితి వస్తుంది. మీ బావమరిది కొట్లో దుప్పట్లు చవగ్గా దొరికినా సరే, ఆ మాట మీటింగ్‌లో ముందే చెప్పి, ఓటు వేసేటప్పుడు బయటికెళ్ళి టీ తాగు.

ఇంకొకటి, బెంగళూరులో అందరూ మర్చిపోయేది. ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్ళిపోతావు, కమిటీలో పేరు మాత్రం అలాగే ఉండిపోతుంది. వెళ్ళేముందు రాజీనామా కాగితం ఇచ్చి, దాన్ని మినిట్స్‌లో రాయించు. ఆ తీర్మానం కాపీతో కొత్త కోశాధికారిని వెంటబెట్టుకుని బ్యాంకుకెళ్ళి, నీ సంతకం తీయించు. రిజిస్ట్రార్‌కి వెళ్ళే కొత్త జాబితాలో నీ పేరు లేదని చూసుకుని, ఒక జిరాక్స్ నీ దగ్గర పెట్టుకో. నా ముందున్న కోశాధికారి పేరు మా ఖాతాలోంచి తీయించడానికి నాకు ఏడు నెలలు పట్టింది, ఆయన అప్పటికి దుబాయ్‌లో ఉన్నాడు.