మూడు రోజుల తీరుబడికి నరసాపురం

"రాజమండ్రి, కాకినాడ కాకుండా గోదావరి జిల్లాల్లో హడావిడి లేకుండా మూడు రోజులు గడపడానికి ఏ ఊరు బాగుంటుంది? అక్కడ ఏమేం చూడాలి?" అని అడిగారు.

మొదటిదానికి జవాబు నరసాపురం. రెండోది అడక్కుండా ఉండాల్సిన ప్రశ్న. "ఏమేం చూడాలి" అన్నారంటే మీ తీరుబడి అక్కడితో అయిపోయినట్టే.

మా బావ ఇలాగే వచ్చాడు రెండేళ్ల కిందట, డిసెంబరులో. హైదరాబాదులో రైలెక్కే ముందే ఫోన్లో పదకొండు చోట్ల లిస్టు పంపాడు. ద్రాక్షారామం, యానాం, కోరంగి మడ అడవులు, ర్యాలి, అంతర్వేది, పాలకొల్లు క్షీరారామం, చివర్లో 'పులస భోజనం'. డిసెంబరులో పులస ఏమిటండీ! వరద నీటికి ఎదురీదుతూ సముద్రంలోంచి గోదాట్లోకి వస్తేనే అది పులస, వచ్చేది జూలై నుంచి సెప్టెంబరు దాకా. మిగతా రోజుల్లో ఎవరైనా పులస అని వడ్డిస్తే మీరు తినేది ఆ పేరునే, చేపని కాదు. ఇది చెప్తే వినేవాడు ఒక్కడూ లేడు.

సరే, మొదటి రోజే అంతర్వేది అన్నాడు. కారుతో మాధవాయిపాలెం రేవుకి వెళ్లాం. అక్కడ పంటు ఎక్కి గోదావరి పాయ వశిష్ఠని దాటితే అవతల సఖినేటిపల్లి. పంటంటే రెండు పడవలు జోడించి పైన చెక్కలు పరిచింది, మనుషులూ బైకులూ కార్లూ అన్నీ దాని మీదే. సముద్రం దగ్గర కాబట్టి ఇక్కడ గోదావరికీ పోటూ పాటూ ఉంటాయి. మేం వెళ్లేసరికి పంటు అవతలి ఒడ్డున ఆగిపోయి ఉంది.

"ఆయ్, నీళ్లు తీసేశాయండి. పోటెక్కితేగానీ కదలదు" అన్నాడు రేవులో టికెట్లబ్బాయి.

"ఎంతసేపు?" అన్నాడు బావ.

"ఎక్కినప్పుడేనండి."

బావకి టెన్షన్ మొదలైంది. చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లిపోదామంటాడు. అక్క మాత్రం అప్పటికే చెప్పులు విప్పేసి మెట్ల మీద కూర్చుంది. పక్కనే ఒక మామ్మ ఉడికించిన తేగలు అమ్ముతోంది. కట్ట తీసుకున్నాం. బావ తేగకి పైన పొర ఊడదీసి, పీచు లాగి, రెండుగా చీల్చి ఆగిపోయాడు. "ఇందులో చందమామ ఉండాలి కదూ!" మధ్యలో ఉండే ఆ లేత ఆకు మొలక కోసం చిన్నప్పుడు కొట్టుకునేవాళ్లట. నలభై ఏడేళ్ల మనిషి కట్టలోని తేగలన్నీ చీల్చి చందమామలు తినేసి, మిగతావి మా అక్క ఒళ్లో పడేశాడు. ఆ రేవున్న మాధవాయిపాలెం పేరే ఇంగ్లీషువాళ్ల నోట్లో 'మడపొల్లం' అయి, ఇక్కడి నుంచి ఓడలెక్కిన నూలుగుడ్డకు పేరైందని నేను చెప్తున్నా, విన్నాడో లేదో తెలీదు. రెండు గంటలకి పంటు వచ్చింది. "రేపు చూద్దాంలే" అన్నాడు బావే. లిస్టు మళ్లీ తెరవలేదు.

వశిష్ఠ అవతలున్న కోనసీమని 'ఆంధ్రా కేరళ' అంటే నాకు ఒళ్లు మంట. కొబ్బరిచెట్లు కనబడితే చాలు, ఇంకొకళ్ల పేరు తగిలించాలా? ఆ పేరు చూసి వచ్చినవాళ్లు గంటకొక చోట దిగి రీల్ తీసుకుని, హైవే పక్క దుకాణంలో ఎప్పుడు చుట్టారో తెలీని పూతరేకులు కొనుక్కుని పోతారు.

మీరు రాత్రి రైలెక్కండి. నరసాపురమే ఆఖరి స్టేషన్ కాబట్టి దిగాల్సిన చోటు దాటిపోతుందన్న భయం లేకుండా పడుకోవచ్చు. ఆకివీడు దగ్గర మెలకువ వస్తే చేపల చెరువులు కనబడతాయి. సాయంత్రం వలంధర రేవుకి వెళ్లి కూర్చోండి. వలందావాళ్లు, అంటే డచ్చివాళ్లు, ఓడలు దింపిన చోటు. దారిలో అరుగుల మీద ఆడవాళ్లు లేసు అల్లుతూ కనబడతారు. నచ్చితే వాళ్ల దగ్గరే కొనండి, బేరం ఆడకండి. మధ్యవర్తులు ఇప్పటికే చాలినంత ఆడేశారు. గుడి చూడాలనిపిస్తే ఊళ్లో ఎంబెరుమన్నార్ కోవెల ఉంది, పాలకొల్లు పది కిలోమీటర్లే.

సంక్రాంతికి మాత్రం రావద్దు. కోడిపందేల జనంతో ఒక్క గదీ దొరకదు, దొరికినా రేటు వింటే కళ్లు తిరుగుతాయి. ఎండాకాలంలో కాలవలకి నీళ్లు ఆపేస్తారు, చూడబుద్ధి కాదు. నవంబరు, డిసెంబరు మంచివి.

మూడో రోజు గురించి చెప్పలేదు కదా. ఆ రోజుకి ఏమీ పెట్టుకోకండి. రైలు ఎలాగూ సాయంత్రానికే.