నిక్ డ్రేక్ బతికుండగా ఎవరూ వినలేదు, మరి ఇప్పుడు ఇంత పేరెలా వచ్చింది?

ఇంగ్లండ్ గాయకుడు, గిటారిస్టు నిక్ డ్రేక్ బతికున్నప్పుడు రికార్డులు అమ్ముడుపోలేదంటారు, మరి ఇవాళ సొంతంగా పాట రాసుకుని పాడే కుర్రాళ్లందరూ ఆయన పేరే ఎందుకు చెబుతారని అడిగారు. నాకు తెలిసిన జవాబు గిటార్ తీగల దగ్గర మొదలవుతుంది.

తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు బైరాగిపట్టెడలో మేడమీద గదిలో ఉండేవాణ్ణి. యూట్యూబ్ చూసి గిటార్ నేర్చుకుంటున్నాను. ఆయన 'పింక్ మూన్' అనే పాట ఎన్నిసార్లు వాయించినా పలకదు. వేళ్లు సరిగ్గానే పడుతున్నాయి, ఆ నాదం మాత్రం రాదు. రెండు వారాలు కొట్టుకున్నాక తెలిసింది, ఆయన గిటార్ శ్రుతే వేరని. లావు తీగను ఈ (E) స్వరం నుంచి సీ (C) దాకా దించాలి. దాని పక్కనున్న మూడు తీగలూ ఒక్కో స్వరం దిగాలి. వాటి తర్వాతి తీగను అరస్వరం పైకి బిగించాలి. సన్న తీగ ఒక్కటే ఉన్నచోట ఉంటుంది. అలా శ్రుతి చేసి, ఏ తీగా నొక్కకుండా ఊరికే మీటాను. వదులైన లావు తీగ జుమ్మని చాలాసేపు మోగింది. పక్క మంచం మీద చదువుకుంటున్న మా పలమనేరు ఫ్రెండ్ పుస్తకం పక్కన పెట్టి, "ఏందబ్బా ఇది, తంబురా మాదిరి ఉండాదే!" అన్నాడు. అంతకన్నా బాగా నేను చెప్పలేను. పాట కింద ఒక నాదం ఆగకుండా నడుస్తూ ఉంటే, దాని మీద ఆయన మెల్లగా మాట్లాడుతున్నట్టు పాడతాడు.

కచేరీల్లో ఆయనకు కష్టమైందీ ఈ శ్రుతుల దగ్గరే. పాటపాటకూ శ్రుతి మార్చాలి. ఒక శ్రుతి నుంచి ఇంకోదానికి వెళ్లడానికి నాకు ఐదు నిమిషాలు పట్టేది. స్టేజీ మీద ఆ నిమిషాలన్నీ ఆయన తల దించుకుని, నోరు విప్పకుండా తీగలు బిగించుకునేవాడు. ఎదురుగా ఉన్నవాళ్లు కబుర్లలో పడిపోయేవారు. కొన్నాళ్లకు కచేరీలే మానేశాడు. పాడేవాడు కనిపించకపోతే ఆ రోజుల్లో రికార్డు ఎవరు కొంటారు?

పుట్టింది 1948లో రంగూన్‌లో, పెరిగింది ఇంగ్లండ్‌లో టాన్‌వర్త్ ఇన్ ఆర్డెన్ అనే పల్లెలో. కేంబ్రిడ్జ్ చదువు మధ్యలోనే వదిలేశాడు. 1969, 1971, 1972లో మూడు ఆల్బమ్‌లు వచ్చాయి. మొదటి రెండింటిలో వయొలిన్లూ డ్రమ్సూ అన్నీ ఉంటాయి. మూడోది, ఆ పాట పేరుతోనే వచ్చిన 'పింక్ మూన్'. రెండు రాత్రుల్లో రికార్డు చేశారు. స్టూడియోలో ఆయనా, ఇంజనీర్ జాన్ వుడ్, అంతే. గొంతు, గిటార్, ఒక్క పాటలో కాస్త పియానో. మొత్తం 28 నిమిషాలు. పెద్ద కంపెనీల హంగులు లేకుండా గిటార్‌తో సాదాగా పాడే పాటలను ఇప్పుడు ఇండీ ఫోక్ అంటారు, ఆ మాటే అప్పటికి లేదు. కానీ గదిలో ఒక్కడే కూర్చుని మనకు మాత్రమే వినిపిస్తున్నట్టు పాడే తీరు చాలామందికి అక్కడే దొరికిందని నా నమ్మకం. అమెరికా గాయకుడు ఎలియట్ స్మిత్‌ను విన్నప్పుడల్లా నాకు ఈ ఆల్బమే గుర్తొస్తుంది.

1974 నవంబర్ 25న, 26 ఏళ్లకే, ఇంట్లోనే చనిపోయాడు. ఆ తర్వాత ఆ పాటలు ఎలా మిగిలాయన్నది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ఆయన ప్రొడ్యూసర్ జో బాయ్డ్ తన కంపెనీని ఐలాండ్ రికార్డ్స్‌కు అప్పగించేటప్పుడు, నిక్ ఆల్బమ్‌లు ఎప్పటికీ అమ్మకంలోంచి తీసెయ్యకూడదని షరతు పెట్టాడు. అమ్మానాన్నలు మోలీ, రాడ్నీ, వెతుక్కుంటూ వచ్చిన అభిమానులను ఇంట్లోకి పిలిచి కూర్చోబెట్టి, కొడుకు ఇంట్లో పాడుకున్న టేపులు కాపీ చేసి ఇచ్చేవారు. దాదాపు పాతికేళ్లకు ఒక కారు ప్రకటనలో 'పింక్ మూన్' వినిపించి అమెరికాలో రికార్డులు ఒక్కసారిగా అమ్ముడుపోయాయంటే, అప్పటికి అవి షాపులో ఉన్నాయి కాబట్టే. తిరుపతిలో పెరిగినవాళ్లకు ఈ సంగతి కొత్తగా అనిపించదు. అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించింది ఆయన కొడుకు పెద తిరుమలాచార్యులు. వందల ఏళ్లు ఆ రేకులు తిరుమల గుళ్లో భాండాగారంలో ఉండిపోయాయి. ఇద్దరినీ పోల్చడం లేదు. పాట కట్టినవాడితో పాటు దాన్ని దాచిపెట్టినవాళ్లనూ తలుచుకోవాలనిపిస్తుంది, అంతే.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. డిప్రెషన్ వల్లే అంత గొప్పగా రాశాడని చాలామంది అంటుంటారు. నేను ఒప్పుకోను. 1974లో చివరిసారి స్టూడియోకు వెళ్లినప్పుడు, అంత వాయించే మనిషి గిటార్ వాయిస్తూ పాడలేకపోయాడు. గిటార్ విడిగా, గొంతు విడిగా రికార్డు చేయాల్సి వచ్చింది. జబ్బు ఆయన చేతుల్లోంచి పాటను లాక్కుంది. మా పలమనేరు ఫ్రెండ్ కూడా ఫైనల్ ఇయర్‌లో నెల రోజులు గది దాటలేదు, తిండి సగం మానేశాడు. పరీక్షల టెన్షన్ అనుకుని ఊరుకున్నాం. చివరికి వాళ్లన్న వచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆరు నెలలకు తేరుకున్నాడు. అందుకే ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది.

మొదట 'పింక్ మూన్' వినండి, రాత్రి పూట, ఇయర్‌ఫోన్స్‌లో. అది నచ్చితే వాళ్లమ్మ మోలీ పాటలు వెతకండి. 1950లలో ఆమె ఇంట్లో పియానో ముందు కూర్చుని పాడుకుంటుంటే భర్త టేపులో పట్టినవి, ఆమె పోయిన చాలా ఏళ్లకు ఆల్బమ్‌గా వచ్చాయి. మొదటి పాటలోనే కొడుకు గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో వినిపిస్తుంది.