ఏ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొనాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మాది విడిభాగాల హోల్‌సేల్ వ్యాపారం. రెండు సర్వర్ల మీద ఎనిమిది వర్చువల్ మెషిన్లు (సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్లు) నడుస్తున్నాయి, డేటా మొత్తం 4 టీబీ. ఒకరు వీమ్‌కి, ఇంకొకరు కామ్‌వాల్ట్‌కి, మరొకరు రుబ్రిక్‌కి కొటేషన్ ఇచ్చారు. మూడు ధరలకీ పొంతనే లేదు. ఎలా పోల్చుకోవాలి?

జవాబు: వాళ్లు కొలిచే కొలతలే వేరు కాబట్టి పొంతన కుదరదు. వీమ్ లైసెన్సు ఎన్ని మెషిన్లకు బ్యాకప్ తీస్తున్నారన్న లెక్కన వస్తుంది. మిగతా వాటిలో టీబీల లెక్క, ఒక్కోసారి హార్డ్‌వేర్ కూడా కలిసి ఉంటుంది. అందుకని ముగ్గురినీ ఒకే ప్రశ్న అడగండి: మూడేళ్లకు లైసెన్సు, స్టోరేజీ, సపోర్టు, జీఎస్టీ అన్నీ కలిపి ఎంత? ఈలోగా డేటా రెండింతలైతే ఎంత? రెండో ప్రశ్నకి వచ్చే జవాబులోనే అసలు తేడా బయటపడుతుంది.

మీ సైజుకి రుబ్రిక్ ఎక్కువే. వందల మెషిన్లు, నాలుగైదు ఊళ్లలో ఆఫీసులు ఉన్నవాళ్లకు అది పనికొస్తుంది. ఒరాకిల్, శాప్ హనా డేటాబేసులు, పాత యూనిక్స్ సర్వర్లు, టేప్ లైబ్రరీ అన్నీ ఒకే గొడుగు కిందికి తేవాలంటే కామ్‌వాల్ట్ గట్టిది. కానీ దాన్ని నడపడానికి అది తెలిసిన మనిషి కావాలి. వీమ్‌లో పది మెషిన్ల వరకు ఉచితంగా వాడుకునే కమ్యూనిటీ ఎడిషన్ ఉంది, మీ ఎనిమిదీ అందులో పడతాయి. ముందు దాంతో మొదలుపెట్టండి. సపోర్టుకు హామీ లేకపోవడమే దాని లోటు. రాత్రిపూట బిల్లింగ్ సర్వర్ పోతే ఫోన్ చేయడానికి ఒకరుండాలి అనుకుంటే డబ్బు కట్టిన లైసెన్సు తీసుకోండి.

కొనేముందు ఇంకో సంగతి చూసుకోవాలి. మీది వీఎంవేర్ ఉచిత హైపర్‌వైజర్ (వర్చువల్ మెషిన్లను నడిపే సాఫ్ట్‌వేర్) అయితే, బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు బయటి నుంచి మెషిన్ మొత్తాన్ని తీసుకోవడానికి కావాల్సిన ఏపీఐలు (సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారులు) అందులో తెరిచి ఉండవు. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ తెచ్చినా కనెక్ట్ అయినట్టే అయి జాబ్ ఫెయిలవుతుంది. అప్పుడు ప్రతి మెషిన్ లోపలా ఏజెంటు (బ్యాకప్ తీసే చిన్న ప్రోగ్రామ్) వేసుకోవాలి, లేదా హైపర్-వి, ప్రాక్స్‌మాక్స్ లాంటి వేరే హైపర్‌వైజర్‌కి మారాలి. 2024లో వచ్చిన 12.2 వెర్షన్ నుంచి వీమ్ ప్రాక్స్‌మాక్స్‌కీ పనిచేస్తోంది.

ఇక రిస్టోర్‌కి (బ్యాకప్ నుంచి డేటాను వెనక్కి తేవడానికి) పట్టే సమయం. 1 గిగాబిట్ నెట్‌వర్క్ మీద సెకనుకు 125 ఎంబీ దాటదు. ఆ లెక్కన 4 టీబీ వెనక్కి రావడానికి దాదాపు 9 గంటలు, ఆచరణలో 11, 12 గంటలు పడుతుంది. క్లౌడ్ నుంచి 100 ఎంబీపీఎస్ లైను మీద తేవాలంటే మూడున్నర రోజుల పైమాటే. ఏ బ్రాండైనా ఈ లెక్క మారదు. లైసెన్సులో కొంత మిగిలితే 10 గిగాబిట్ కార్డులు, ఒక స్విచ్ కొనండి. బ్యాకప్ ఫైలు నుంచే మెషిన్‌ని నేరుగా నడిపే ఇన్‌స్టంట్ రికవరీ ఉందిగా అంటారు వెండర్లు. ఉంది, బాగానే పనిచేస్తుంది. కానీ ఆ ఫైలు మామూలు సాటా డిస్కుల నాస్‌లో (నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టెలో) ఉంటే ఎనిమిదింటినీ ఒకేసారి లేపినప్పుడు ఒక్కో బిల్లుకీ నిమిషాలు పడుతుంది. బిల్లింగ్, డేటాబేస్ రెండింటినే లేపి, మిగతావి నింపాదిగా రిస్టోర్ చేసుకోవాలి.

ట్రయల్ నెలలో బ్యాకప్ జాబ్ పచ్చగా కనబడితే మురిసిపోకండి. బిల్లింగ్ మెషిన్‌ని వేరే పేరుతో, నెట్‌వర్క్ తీసేసి రిస్టోర్ చేయండి. లాగిన్ అయి నిన్నటి చివరి బిల్లు తెరిచి చూడండి. మొదటి క్లిక్ నుంచి ఆ బిల్లు కనబడేదాకా ఎంతసేపు పట్టిందో రాసుకోండి. నెట్‌వర్క్ తీయడం మరిచిపోతే ఒకే ఐపీతో రెండు సర్వర్లు తగువుపడతాయి. పైగా లోపలి షెడ్యూల్ జాబులు మళ్లీ నడిచి కస్టమర్లకు పాత ఎస్ఎంఎస్‌లు వెళ్తాయి.

ప్రశ్న: మా ఈఆర్‌పీ (వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్) ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ మీద ఉంది. రోజూ రాత్రి ఫుల్ బ్యాకప్ ‘సక్సెస్’ అని మెయిల్ వస్తోంది. అయినా డ్రైవ్ నిండిపోయి 9002 ఎర్రర్‌తో ఎంట్రీలు ఆగిపోయాయి. సాఫ్ట్‌వేర్ మార్చాలా? (బాలానగర్, హైదరాబాద్)

జవాబు: మార్చనక్కర్లేదు, తప్పు సెట్టింగులో ఉంది. డేటాబేస్ ఫుల్ రికవరీ మోడల్‌లో ఉంటే, ఫుల్ బ్యాకప్ ఎన్నిసార్లు తీసినా లాగ్ ఫైలు (ప్రతి మార్పునూ రాసుకునే ఫైలు) ఖాళీ కాదు. లాగ్ బ్యాకప్ తీసినప్పుడే అందులోని పాత భాగాన్ని మళ్లీ వాడుకుంటుంది. సిస్ డేటాబేసెస్ (sys.databases) వ్యూలో లాగ్ రీయూజ్ వెయిట్ డెస్క్ (log_reuse_wait_desc) కాలమ్ చూడండి. అక్కడ ‘లాగ్ బ్యాకప్’ అని ఉంటే సంగతి ఇదే.

బ్యాకప్ జాబ్‌లో అప్లికేషన్ అవేర్ ఆప్షన్ (లోపలి డేటాబేస్‌ని గుర్తించి బ్యాకప్ తీసేది) పెట్టి, 15 నిమిషాలకోసారి లాగ్ బ్యాకప్ వేయండి. మొదటి లాగ్ బ్యాకప్ అయ్యాక కూడా విండోస్‌లో ఫైలు సైజు తగ్గదు, లోపల చోటు ఖాళీ అవుతుందంతే. కాబట్టి ఒక్కసారి ష్రింక్ చేయండి (ఫైలు సైజు కుదించండి). రోజూ చేయకండి, పెరగడం తగ్గడంతో సర్వర్ నెమ్మదిస్తుంది. లాగ్ ఫైలే కదా అని డిలీట్ మాత్రం చేయొద్దు, డేటాబేస్ తెరుచుకోకపోవచ్చు.

ఇంకో చిక్కుంది. ఈఆర్‌పీ వాళ్లు ఇన్‌స్టాల్ చేసినప్పుడే తమ మెయింటెనెన్స్ ప్లాన్‌లో లాగ్ బ్యాకప్ పెట్టి వెళ్తుంటారు. దానికి తోడు మీ సాఫ్ట్‌వేర్ కూడా లాగ్ తీస్తే ఒకదాని వెనక ఒకటి వచ్చే లాగ్ బ్యాకప్‌ల గొలుసులో సగం లింకులు మీ ఫోల్డర్లో, సగం ఈఆర్‌పీ వాళ్ల ఫోల్డర్లో పడతాయి. రెండు జాబులూ ‘సక్సెస్’ అనే చెబుతాయి. రిస్టోర్ చేసే రోజున 4305 ఎర్రర్ వస్తుంది: ఈ లాగ్ కంటే ముందుది ఇంకోటి కావాలని. లాగ్ ఎవరో ఒక్కరే తీయాలి. రెండో వాళ్లకు ఫుల్ బ్యాకప్ కావాలంటే కాపీ ఓన్లీ పద్ధతిలో (మిగతా బ్యాకప్‌ల వరుసను కదపకుండా) తీసుకోమనండి.

ప్రశ్న: టాలీ డేటా ఫోల్డర్‌ని రోజూ కాపీ చేస్తున్నాం. చాలదా? (గుంటూరు)

జవాబు: ఎంట్రీలు పడుతుండగా కాపీ చేస్తే కొన్ని ఫైళ్లు ముందటివి, కొన్ని తర్వాతవి వచ్చి డేటా తెరుచుకోకపోయే ప్రమాదముంది. అందరూ బయటికొచ్చాక టాలీప్రైమ్‌లో ఆల్ట్ వై నొక్కి, అందులోని బ్యాకప్‌తో ఒక ఫోల్డర్‌లోకి తీసి, ఆ ఫోల్డర్‌ని మీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కి అప్పగించండి. మీది కంపెనీల చట్టం కింద రిజిస్టరైన సంస్థ అయితే, 2022 ఆగస్టు సవరణ ప్రకారం ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న ఖాతా పుస్తకాల బ్యాకప్ భారత్‌లోని సర్వర్‌లో ప్రతిరోజూ ఉండాలి. వారానికోసారి పెన్‌డ్రైవ్‌లో తీసుకోవడం దీనికి సరిపోదు.

ప్రశ్న: రాన్సమ్‌వేర్ (డేటాకు తాళం వేసి డబ్బడిగే వైరస్) వస్తే బ్యాకప్‌లు కూడా పోతున్నాయంటున్నారు. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఆ భయం లేదు? (ఆసుపత్రి ఐటీ విభాగం, కరీంనగర్)

జవాబు: పేరు చూసి నమ్మదగ్గది ఏదీ లేదు. లోపలికి వచ్చినవాడు ముందు వెతికేది బ్యాకప్ సర్వర్నే. వీమ్‌లో 2024 సెప్టెంబరులో వెల్లడైన ఒక లోపాన్ని అకీరా, ఫాగ్ ముఠాలు వాడుకున్నాయి. ప్యాచ్ వేసుకోనివాళ్లే దెబ్బతిన్నారు. కాబట్టి పోల్చేటప్పుడు బ్యాకప్‌ని చెరపలేకుండా దాచే సౌకర్యం ఏ రూపంలో ఉందో చూడండి.

వీమ్ అయితే లైనక్స్ హార్డెన్డ్ రిపాజిటరీ (గడువులోపు చెరపలేని బ్యాకప్ నిల్వ). ఎక్స్ఎఫ్ఎస్ ఫార్మాట్, కనీసం 7 రోజుల లాక్, మీ అవసరానికి 30 రోజులు పెట్టండి. క్లౌడ్‌లో అయితే అమెజాన్ స్టోరేజీ ఎస్3లోని ఆబ్జెక్ట్ లాక్. దాన్లో గవర్నెన్స్ మోడ్ పెడితే తగిన అనుమతి ఉన్న అడ్మిన్ లాక్ తీసేయగలడు, ఆ పాస్‌వర్డ్ దొంగ చేతికి పోతే అంతే. కంప్లయన్స్ మోడ్‌లో గడువు తీరేదాకా రూట్ అకౌంట్ కూడా ఆ డేటాను చెరపలేదు. అందుకే పొరపాటున 30కి బదులు 3000 రోజులు కొట్టారంటే ఆ బిల్లు కట్టుకుంటూ కూర్చోవాలి. ముందు ఒక చిన్న బకెట్ (ఎస్3లోని నిల్వ డబ్బా) మీద పరీక్షించండి.

చాలామంది వదిలేసేది హార్డ్‌వేర్ మేనేజ్‌మెంట్ పోర్టు. హార్డెన్డ్ రిపాజిటరీ సర్వర్ ఐడ్రాక్ లేదా ఐఎల్ఓ (దూరం నుంచి సర్వర్‌ని నడిపే డెల్, హెచ్‌పీ పోర్టులు) ఆఫీసు నెట్‌వర్క్‌లోనే ఉంటే, ఆపరేటింగ్ సిస్టమ్ జోలికే పోకుండా రెయిడ్‌ని (డిస్కుల సముదాయాన్ని) చెరిపేయొచ్చు.  ఆ కేబుల్ పీకేయండి, అవసరమైనప్పుడు పెట్టుకోవచ్చు. బ్యాకప్ సర్వర్‌ని ఆఫీసు డొమైన్‌లో (అందరి లాగిన్‌లు ఒకేచోట ఉండే వ్యవస్థలో) చేర్చకండి. దాని పాస్‌వర్డ్ వేరు, రెండంచెల లాగిన్ తప్పనిసరి. హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచి ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) రీజియన్ ఉంది, ముంబైలో అంతకుముందే ఉంది. రెండూ మీ ఊరికి బయటే కాబట్టి ఏదైనా ఫర్వాలేదు.

దాడి జరిగితే సెర్ట్-ఇన్‌కి (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థకి) 6 గంటల్లో తెలియజేయాలని 2022 ఏప్రిల్ ఆదేశం. ఆ ఈమెయిలు ఐడీ, ఫోన్ నంబరు కాగితం మీద రాసి సర్వర్ గదిలో అంటించండి, ఆ రోజు మెయిల్ సర్వర్ పనిచేయకపోవచ్చు.

ప్రశ్న: మైక్రోసాఫ్ట్ 365 వాడుతున్నాం. దానికీ బ్యాకప్ కావాలా?

జవాబు: కావాలి. షేర్‌పాయింట్, వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్‌లో 93 రోజులే ఉంటుంది. మెయిల్‌లో పూర్తిగా తీసేసినవి మామూలుగా 14 రోజులు, పెంచితే 30. ఉద్యోగి మానేశాక అకౌంట్ తీసేస్తే 30 రోజుల్లోపే వెనక్కి తెచ్చుకోవాలి. పాత మేనేజరు మెయిల్స్ ఆడిటర్లు అడిగేది సాధారణంగా ఆ తర్వాతే.

ప్రశ్న: ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ పెట్టాం. పాత బ్యాకప్‌లు ప్రూన్ చేసినా (గడువు దాటినవి తీసేసినా) డిస్కులో చోటు రావట్లేదు.

జవాబు: ప్రూన్ చేస్తే పట్టికలోంచి పేర్లు పోతాయి తప్ప డేటా ముక్కలు పోవు. గార్బేజ్ కలెక్షన్ (వాడని ముక్కల్ని తుడిచే పని) నడపాలి. అది కూడా గత 24 గంటల 5 నిమిషాల్లో వాడిన ముక్కల్ని ముట్టుకోదు, కాబట్టి ఇవాళ ప్రూన్ చేసి వెంటనే నడిపితే పెద్దగా తేడా కనబడదు. రెండో రోజు మళ్లీ నడపండి. డిస్కు 90 శాతం దాటకముందే ఈ పని చేయాలి. పూర్తిగా నిండాక గార్బేజ్ కలెక్షన్ కూడా మొరాయిస్తుంది.