ఇంటికి చెప్పలేను, ఇక్కడ ఎవరిని అడగాలో తెలియదు

మేడమ్, మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. టెక్సాస్‌లో ఎంఎస్ రెండో సెమిస్టర్ చదువుతున్నాను. ఇల్లు తాకట్టు పెట్టి నాన్న లోను తీసుకున్నారు. మొదటి సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టులో సి వచ్చింది. మూడు వారాలుగా క్లాసులకు సరిగా వెళ్లడం లేదు. నిద్ర పట్టదు. పొద్దున లేవకుండా ఉంటే బాగుండనిపిస్తోంది. ఒక కోర్సు వదిలేద్దామనుకుంటున్నా. కౌన్సెలింగ్‌కి వెళ్తే వీసాకు ఇబ్బందని రూమ్మేట్లు అంటున్నారు. అమ్మకు మాత్రం రోజూ వీడియో కాల్‌లో బాగానే ఉన్నానని చెబుతున్నాను.

జవాబు: ‘పొద్దున లేవకుండా ఉంటే బాగుండు’ అని రాశావు చూడమ్మా, ముందు దాని గురించి మాట్లాడుకుందాం. అది అలసటలో వచ్చిన మాటా, చనిపోవాలన్న ఆలోచనా? చనిపోవాలనిపిస్తుంటే మిగతాది తర్వాత చదువు. ఇప్పుడే ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకు సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చెయ్యి, మాట్లాడలేకపోతే మెసేజ్ పెట్టు. అమెరికా అంతటా, 24 గంటలూ పనిచేస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు. ఈ క్షణమే ప్రమాదం అనిపిస్తే అక్కడి ఎమర్జెన్సీ నంబర్ 911కి చెయ్యి. అర్ధరాత్రైనా సరే, రూమ్మేట్‌ని లేపి పక్కన కూర్చోమను.

ఇక వీసా సంగతి. నీ రూమ్మేట్లు నీ మంచి కోరే చెప్పి ఉంటారు గానీ, అది నిజం కాదు. యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లినంత మాత్రాన ఆ విషయం ఇమిగ్రేషన్ వాళ్లకు పంపరు. ప్రాణాపాయం లాంటి, చట్టం చెప్పిన కొద్ది సందర్భాల్లో తప్ప, నీ అనుమతి లేకుండా ప్రొఫెసర్లకు గానీ మీ అమ్మానాన్నలకు గానీ చెప్పరు. చాలా యూనివర్సిటీల్లో మొదటి కొన్ని సెషన్లకు వేరే డబ్బు తీసుకోరు. నువ్వు కట్టిన ఫీజులోనే అది ఉంటుంది. మీ నాన్న అప్పు చేసి కట్టిన ఫీజు అది, వాడుకో.

నీ వీసాకు అసలు ముప్పు ఎవరికీ చెప్పకుండా కోర్సు వదిలేయడంలో ఉంది. ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఫుల్‌టైమ్ చదవాలి. పీజీలో చాలాచోట్ల అంటే సెమిస్టర్‌కు 9 క్రెడిట్లు. అంతకన్నా తగ్గితే స్టేటస్, అంటే అక్కడ ఉండి చదువుకోవడానికి ఉన్న చట్టబద్ధమైన అనుమతి, పోవచ్చు. అయితే ఆరోగ్యం బాగాలేనప్పుడు తగ్గించుకోవడానికి దారి ఉంది, మనసుకు వచ్చిన అనారోగ్యం కూడా అందులోకి వస్తుంది. డాక్టరో, లైసెన్స్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టో ఇచ్చిన లెటర్ తీసుకుని మీ ఇంటర్నేషనల్ ఆఫీసులో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి అయిన డీఎస్‌ఓని కలవాలి. వాళ్లు విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు అయిన సెవిస్‌లో అనుమతి నమోదు చేశాకే కోర్సు డ్రాప్ చెయ్యాలి. ముందు వదిలేసి తర్వాత వెళ్తే వాళ్లు చేయగలిగింది చాలా తక్కువ. ఒక డిగ్రీ స్థాయికి మొత్తం మీద 12 నెలల వరకే ఈ వెసులుబాటు ఉంటుంది. కాబట్టి ఈ వారం ముందు కౌన్సెలింగ్ సెంటర్‌కి, తర్వాత డీఎస్‌ఓ దగ్గరికి వెళ్లు. అప్పటిదాకా ఆ డ్రాప్ బటన్ ముట్టుకోకు.

మన పిల్లలు ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లి ‘నాకు కష్టంగా ఉంది’ అనడానికి ఎంత జంకుతారో నాకు తెలుసు. మనకు చిన్నప్పటి నుంచీ అది అలవాటు చేయలేదు. అక్కడ ప్రొఫెసర్లు విద్యార్థులను కలవడానికి ఆఫీస్ అవర్స్ పెట్టేదే అందుకు. పెద్ద సంజాయిషీ రాయకు. ‘ఆరోగ్యం బాగాలేక మూడు వారాలుగా క్లాసులకు సరిగా రాలేకపోయాను, చికిత్స మొదలుపెడుతున్నాను, మిమ్మల్ని ఎప్పుడు కలవచ్చు?’ అని రెండు ముక్కలు మెయిల్ చేస్తే చాలు. ఒక్క సి గ్రేడుతో సాధారణంగా ఎవరినీ పంపించెయ్యరు. గ్రేడ్ల సగటు (జీపీఏ) 4కి 3.0 కన్నా తగ్గితే చాలాచోట్ల ముందు ప్రొబేషన్‌లో పెట్టి, సరిదిద్దుకోవడానికి సమయం ఇస్తారు.

అప్పు భయంతో బయట క్యాష్‌కి పని చెయ్యాలనిపిస్తే మాత్రం వద్దు. క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే నీకు అనుమతి. అత్యవసరమైతే అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం తానా సహాయ బృందమైన టీమ్ స్క్వేర్ వలంటీర్లు, హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్ ఉన్నాయి. డాక్టర్ పని వాళ్లు చెయ్యలేరు గానీ, మనిషి తోడు కావాల్సినప్పుడు మనవాళ్లని అడగడం తప్పు కాదు.

ఇంట్లో చెప్పాలా? చెప్పాలనే నా అభిప్రాయం. రోజూ నీ మొహం చూస్తున్న అమ్మకు ఎంతో కొంత అర్థమయ్యే ఉంటుంది. మొదటి అపాయింట్‌మెంట్ అయ్యాక చెప్పు, అప్పుడు ‘డాక్టర్‌ని కలిశాను’ అని కూడా చెప్పగలవు. లోను మాట ఆ రోజు ఎత్తకు. అమ్మ మరీ బెంగపడితే ఆమెకూ ఒక నంబర్ ఇవ్వు: ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416. ఇండియాలో ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.