ఇంటిపేరు ఒక్కటే, గోత్రాలు వేరు

అమ్మాయీ,

ఆ పాత ఇంగ్లీషు కథకి నీ అనువాదం అందింది. కోట ముట్టడి ఘట్టం దాకా ఎక్కడా ఆగకుండా చదివాను. అక్కడ మాత్రం ఆగాల్సి వచ్చింది. "తెల్లవారుజామున కెప్టెన్ తన అడుగంటిన ఆశను కోటగోడ మీదికి పంపాడు" అని రాశావు. ఆశను గోడ మీదికి పంపడమేమిటని నీకు అనుమానం రాలేదా? వచ్చే ఉంటుంది. పాత ఇంగ్లీషు కదా, ఏదో కవిత్వం అయ్యుంటుందిలే అని సరిపెట్టుకుని ఉంటావు.

మూలంలో ఉన్నది 'ఫర్‌లార్న్ హోప్'. అందులో ఆశ లేదు. 'ఫర్‌లోరెన్ హోప్' అనే డచ్చి సైనిక పదం 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. డచ్చిలో హోప్ అంటే కుప్ప, గుంపు. ఇంగ్లీషు 'హీప్'కి అది చుట్టం. ఫర్‌లోరెన్ అంటే పోగొట్టుకున్న. అంటే పోయినట్టే లెక్కగట్టి ముందుకు తోసిన దండు అన్నమాట. ఫిరంగులు గోడకు గండి కొట్టాక అందరికంటే ముందు ఆ గండిలోకి ఎక్కేవాళ్లు వీళ్లే. చాలామంది తిరిగి రారని పంపేవాడికీ తెలుసు, వెళ్లేవాడికీ తెలుసు. అయినా బతికి వస్తే ప్రమోషన్ దొరుకుతుందని పోటీపడి పేర్లిచ్చేవారు. ఫ్రెంచివాళ్లు ఇలాంటి దండుని 'పోయిన పిల్లలు' అన్నారు. 1799 మే 4న ఇంగ్లీషు సేన శ్రీరంగపట్నం కోట ఎక్కినప్పుడు ముందు నడిచినది ఇలాంటి దండే. గండి మీద జెండా నిలబెట్టిన సార్జెంటు అక్కడికక్కడే కూలిపోయాడు. డచ్చి హోప్ ఇంగ్లీషు చెవికి తన సొంత హోప్‌లా వినబడింది, దానితో నెమ్మదిగా 'నెరవేరని ఆశ' అనే అర్థం కూడా పుట్టింది. ఇవాళ ఎక్కువమందికి తెలిసింది ఆ రెండో అర్థమే. నీ కథలో మాత్రం మొదటిది. "తెగించిన దండుని పంపాడు" అను, సరిపోతుంది.

ఇక నువ్వు అడిగిన విషయం. ఫర్, ఫోర్ అని మొదలయ్యే పాత ఇంగ్లీషు మాటలు నిన్ను తికమక పెడుతున్నాయి, అర్థాలతో ఒక పట్టీ రాసి పంపమన్నావు. పంపను. పట్టీలో ఆ మాటలన్నీ ఒకదాని కింద ఒకటి కూర్చుంటే ఒకే కుటుంబంలా కనిపిస్తాయి. వాటికి ఇంటిపేరు ఒక్కటే గాని గోత్రాలు వేరు. ఏది ఏ ఇంటిదో తెలిస్తే పట్టీతో నీకు పనిలేదు. తెలియకపోతే ఎంత పెద్ద పట్టీ ఇచ్చినా మళ్లీ ఆశను గోడ ఎక్కిస్తావు.

అన్నిటికంటే పాత ఇంటి నుంచి మొదలుపెడతాను. ఇంగ్లీషువాళ్ల సొంత 'ఫర్' ఒకటుంది. ఇది విడిగా నిలబడదు, క్రియ ముందు చేరి దాని దారి మళ్లిస్తుంది. సంస్కృత ఉపసర్గల గురించి మనవాళ్లు చదివే శ్లోకం నీకు తెలిసే ఉంటుంది: "ఉపసర్గేణ ధాత్వర్థో బలాదన్యత్ర నీయతే, ప్రహారాహార సంహార విహార పరిహారవత్". ధాతువు అర్థాన్ని ఉపసర్గ బలవంతంగా ఇంకో చోటికి లాక్కుపోతుందని. ఈ 'ఫర్' కూడా అలాంటి మొండిదే. 'గెట్' అంటే అందుకోవడం, 'ఫర్‌గెట్' అంటే అందినది చేజారిపోవడం. 'బిడ్' అంటే ఆజ్ఞాపించడం, 'ఫర్‌బిడ్' అంటే వద్దని ఆజ్ఞాపించడం. జర్మన్‌లో ఇదే ఉపసర్గ 'ఫెర్' అన్న రూపంలో ఇప్పటికీ వేల మాటల్లో హాయిగా బతుకుతోంది. మరిచిపోవడం ఫెర్‌గెస్సెన్, పోగొట్టుకోవడం ఫెర్‌లీరెన్. ఇంగ్లీషులో మాత్రం అది కొత్త మాటలు పుట్టించడం ఎప్పుడో మానేసింది. మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నువ్వు శ్రద్ధగా చూడాల్సింది ఆ మిగలనివాటిని. 14వ శతాబ్దంలో లాంగ్లండ్ రాసిన పియర్స్ ప్లౌమన్ కావ్యం మొదట్లోనే కవి తాను 'ఫర్‌వాండర్డ్' అయ్యానని చెప్పి ఒక ఏటి ఒడ్డున నిద్రపోతాడు. 'వాండర్' అంటే తిరగడం. ఫర్ చేరేసరికి తిరగడం వల్ల ఒళ్లు హూనమవడం అయింది. ఆ కాలపు కవే అయిన ఛాసర్ దగ్గర 'ఫర్‌వేక్డ్' ఉంది, మేలుకొని మేలుకొని సోలిపోయిన స్థితి. అలాగే 'ఫర్‌వెప్ట్', ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినది. షేక్‌స్పియర్ రోజులకి 'ఫర్‌స్పెంట్' ఉంది, శక్తంతా ఖర్చయిపోయినవాడు. 'ఫర్‌డూ' అంటే చేయడం కాదు, నాశనం చేయడం.

ఇప్పుడు ఈ అర్థాలు నేను తెలుగులో ఎలా చెప్పానో ఒకసారి చూడు. మేలుకొని మేలుకొని. ఏడ్చి ఏడ్చి. తిరిగి తిరిగి. ఇంగ్లీషు తల మీద పెట్టిన బరువుని మన భాష క్రియను రెండుసార్లు పలికి మోస్తుంది. లేదంటే తోకకి కడుతుంది: మరిచిపో, అలసిపో, పాడైపో, చేజారిపో. ఆ 'పో' చేసే పని, ఆ పాత 'ఫర్' చేసిన పని దాదాపు ఒక్కటే. ఏదో జరిగి ఊరుకోదు, పూర్తిగా జరిగి చెయ్యి దాటిపోతుంది. నీ అనువాదంలో ఫర్‌స్పెంట్ గుర్రానికి 'శక్తిహీనమైన అశ్వం' అని రాశావు. పాత మాట కనబడగానే సంస్కృతం బీరువా తెరవడం మనందరికీ ఉన్న జబ్బు. అది పరిగెత్తి పరిగెత్తి చతికిలపడిపోయిన గుర్రం. అలాగే రాయి. గుర్రం కూడా సంతోషిస్తుంది.

ఈ ఇంట్లో ఇంకో మాట 'ఫర్‌లార్న్', పైన చెప్పిన దండు పేరులో ఉన్నదే. పోగొట్టుకోవడం అనే 'లూజ్' కుటుంబంలోని పాత రూపం 'లార్న్'. 1819లో ఇంగ్లీషు కవి కీట్స్ నైటింగేల్ పిట్ట మీద రాసిన ఓడ్‌లో ఒక చరణాన్ని ఈ మాటతో ముగించి, మళ్లీ దీనితోనే తర్వాతి చరణం ఎత్తుకుని, ఇది గంటలా మోగుతోందంటాడు. అక్కడ అర్థంతో పాటు మోత కూడా కావాలి. నీ కథలో ఫర్‌లార్న్ ఇంటికి అంత హంగు అక్కర్లేదు. 'దిక్కులేని ఇల్లు' అంటే మన పాఠకుడికి మొత్తం అందుతుంది.

'ఫర్‌స్వేర్' దగ్గర జాగ్రత్త. దీనికి రెండు ముఖాలు. ఒట్టుపెట్టుకుని మానేయడం ఒకటి, పెట్టిన ఒట్టు తప్పడం ఇంకొకటి. 'తాగుడు ఫర్‌స్వేర్ చేశాడు' అంటే మానేశాడు. ఊరికే 'ఫర్‌స్వోర్న్ మనిషి' అంటే ఒట్టు తప్పినవాడు. నీ సైనికుడు ఏ రకమో ఆ ఒక్క వాక్యం చూస్తే తెలియదు, వెనక రెండు పేజీలు తిరగెయ్యాలి.

రెండో ఇల్లు 'ఫోర్'. ముందు అని అర్థం. ఫోర్‌హెడ్ నుదురు, ఫోర్‌టెల్ జోస్యం చెప్పడం, ఇవి నీకు తెలిసినవే. చిక్కంతా ఒక్క అక్షరం తేడాతో మొదటి ఇంటికి దగ్గరగా వచ్చేవాటితో. 'ఫర్‌బేర్' అంటే ఓర్చుకోవడం, తమాయించుకోవడం. మధ్యలో 'ఇ' అనే అచ్చు ఒకటి చేరితే 'ఫోర్‌బేర్', అంటే పూర్వీకుడు, మనకంటే ముందు ఉన్నవాడు. నీ పదకొండో పేజీలో పూర్వీకులు ఓర్చుకోవాల్సిన చోట ఓర్పులు పూర్వీకులయ్యాయి. 'ఫర్‌గో' అంటే వదులుకోవడం, 'ఫోర్‌గో' అంటే ముందు నడవడం. ఇంగ్లీషువాళ్లే ఈ రెండింటి స్పెల్లింగులు కలిపేసి రాస్తారు కాబట్టి అక్షరాన్ని నమ్మకు, వాక్యాన్ని నమ్ము. షేక్‌స్పియర్ నాటకం ఒథెల్లోలో మొదట కనిపించే, ఇవాళ 'ముందే తేలిపోయిన ఫలితం' అనే అర్థంలో వాడే 'ఫోర్‌గాన్ కన్‌క్లూజన్' ఈ రెండోదాని సంతానమే.

'ఫోర్‌స్టాల్' గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నీ కథలో సంత ఘట్టమంతా దాని మీదే నడుస్తోంది. నువ్వు 'వ్యాపారిని ఆలస్యం చేసినందుకు పట్టుకున్నారు' అని రాశావు. స్టాల్ అనగానే ఆలస్యం గుర్తొచ్చి ఉంటుంది. పాత ఇంగ్లీషులో ఈ మాటకి అసలు అర్థం దారి కాయడం, కాపు వేసి మీద పడడం. మధ్యయుగాల్లో ఇది సంత నేరం అయింది. రైతు సరుకు బహిరంగంగా సంతలోకి రావాలి, అందరి ముందూ ధర పలకాలి. అలా కాకుండా బండి ఊరి పొలిమేర దగ్గర ఉండగానే ఎదురెళ్లి సరుకంతా కొనేసి, లోపల ధర పెంచి అమ్మేవాణ్ణి ఫోర్‌స్టాలర్ అన్నారు. దానికి శిక్షలుండేవి. 1772లో ఇంగ్లండు పార్లమెంటు ఆ పాత చట్టాలను చాలావరకు రద్దు చేసింది, 1844లో ఆ నేరమే లేకుండా పోయింది. మన మార్కెట్ యార్డుకి చేరకముందే మిర్చి బస్తాల దగ్గరికి వెళ్లే దళారి సంగతి నీకు నేను చెప్పాలా? "దారి కాచి సరుకు కొన్నందుకు" అని రాయి. ఇవాళ్టి ఇంగ్లీషులో ఫోర్‌స్టాల్ అంటే ఎదుటివాడి ఎత్తుకి ముందే చెక్ పెట్టడం. నీ కథ కాలానికి ఈ అర్థం కూడా ఉంది గాని, సంతలో వ్యాపారిని పట్టుకున్నారంటే ఆ పాత నేరమే.

మూడో ఇల్లు ఫ్రాన్సు నుంచి వచ్చింది. లాటిన్‌లో 'బయట' అనే మాట ఫ్రెంచి గుండా వచ్చి ఇక్కడ 'ఫర్' వేషం కట్టింది. 'ఫారిన్' దాని బిడ్డే, బయటిది. అందులో పలకని జీ అక్షరం తర్వాత ఎవరో అనవసరంగా దూర్చింది. 'ఫర్‌ఫీట్' అంటే మొదట హద్దు బయట చేసిన పని, అంటే నేరం. తర్వాత ఆ నేరానికి కట్టే జరిమానా, ఆ తర్వాత పోగొట్టుకున్నది ఏదైనా. మనకి ఎన్నికలప్పుడు పత్రికల్లో దీని తెలుగు కనిపిస్తూనే ఉంటుంది: పోలై చెల్లిన ఓట్లలో ఆరోవంతు దాటకపోతే డిపాజిట్ గల్లంతు. ఆ 'గల్లంతు' ఎవరు మొదట వాడారో గాని, ఆయనకి నా నమస్కారం.

'ఫోర్‌క్లోజ్' కూడా ఈ ఇంటిదే. స్పెల్లింగులో 'ఫోర్' ఉంది కదా అని 'ముందే మూసేయడం' అనుకుంటారు. అసలు అర్థం బయటికి నెట్టి తలుపు మూయడం. ఇంగ్లండులో తాకట్టు పెట్టినవాడు గడువు దాటినా అప్పు తీర్చి ఆస్తి విడిపించుకునే హక్కుని ఛాన్సరీ కోర్టు కాపాడేది. అప్పిచ్చినవాడు ఎన్నాళ్లని ఎదురు చూస్తాడు? అందుకని ఆ హక్కుకి కోర్టు ద్వారా తలుపు మూయించేవాడు. అదీ ఫోర్‌క్లోజర్. అమెరికాలో 2008 ప్రాంతంలో ఇళ్లు పోయినవాళ్లకి ఈ మాట వింటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఇక్కడ మన బ్యాంకుల్లో 'లోన్ ఫోర్‌క్లోజ్ చేశాను' అంటే మిగిలిన ఈఎంఐలన్నీ ఒకేసారి కట్టేసి గట్టెక్కానని స్వీట్లు పంచుతారు. అందుకే నీ కథలో తండ్రి పొలం ఫోర్‌క్లోజ్ అయిందన్నప్పుడు ఆ మాటని అలాగే ఉంచకు. ఇక్కడి పాఠకుడు అప్పు తీరిందనుకునే ప్రమాదం ఉంది. "తాకట్టు విడిపించుకునే దారి మూసుకుపోయింది" అను.

ఇవి కాక దారినపోయే దానయ్యలు కొందరున్నారు. 'ఫోర్ట్‌నైట్'కి కోటతో సంబంధం లేదు, పద్నాలుగు రాత్రులు అన్న మాటలు అరిగి అలా అయ్యాయి. 'ఫర్‌సూత్'లో ఉన్నది మామూలు ఫర్, 'సూత్' అంటే సత్యం. సత్యంగా, నిజంగా అని అర్థం. కానీ మాటలకి కూడా వయసు మీద పడ్డాక వెటకారం అబ్బుతుంది. తర్వాతి రచయితల చేతుల్లో ఇది ఎక్కువగా ఎత్తిపొడుపుగానే వచ్చింది. నీ కథలో మేనత్త "ఎ జెంటిల్‌మన్, ఫర్‌సూత్!" అంటే నువ్వు "నిజంగా పెద్దమనిషే!" అని మెచ్చుకోలు చేసేశావు. ఆవిడ మెచ్చుకోవడం లేదమ్మా. "అబ్బో, పెద్దమనిషిట!" అంటోంది. ఆ ఒక్క 'ట' నీ దగ్గర ఉండగా డిక్షనరీ ఎందుకు?

డిక్షనరీ వద్దని కాదు, ఎలా చూడాలన్నదే సంగతి. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు పని 1857లో ఆలోచనగా మొదలై 1928కి గాని పూర్తికాలేదు. అంత ఆలస్యం ఎందుకంటే ప్రతి అర్థం కిందా ఎవరు ఏ ఏడాది ఎలా వాడారో వాక్యాలు తేదీల వరుసలో పెట్టుకుంటూ పోయారు. మన ఎఫ్ అక్షరం హెన్రీ బ్రాడ్లీ చేతిలో పడింది. నువ్వు అర్థం చూసి పుస్తకం మూయకు. నీ కథ రాసిన కాలానికి దగ్గరగా ఉన్న వాక్యాలు చదువు. వాటి తర్వాత బ్రౌన్ దొర ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తియ్యి. 19వ శతాబ్దపు ఇంగ్లీషు మాటకి 19వ శతాబ్దపు తెలుగువాడు నోటితో ఏమనేవాడో అందులో చాలాచోట్ల దొరుకుతుంది. అందులో కొన్ని ఇప్పుడు వాడకంలో లేవు. అవి తెచ్చి కథలో గుచ్చకు, వాటి పోకడ చూసి వదిలెయ్యి.

ఇంకొకటి. నీ సొంత కథ, ఆ అమెరికా కాలేజీ కుర్రాడిది, అందులో వాడి చేత 'హెవెన్ ఫర్‌ఫెండ్' అనిపించావు. దేవుడు తప్పించుగాక అని. అనువాదం చేస్తూ దొరికిన మాట మీద మోజు అది, తీసెయ్యి. వాడు ఈ కాలం పిల్లాడు, 'నో వే' అంటాడు. అదే మాట ఆ కథలోని చర్చి ముసలాయన హాస్యానికి అంటే నాకు అభ్యంతరం లేదు.

ముట్టడి, సంత, మేనత్త, ఈ మూడు ఘట్టాలూ తిరగరాసి పంపు. మిగతా కథ జోలికి ఇప్పుడు పోకు, అది బాగానే ఉంది. ఫర్‌స్వేర్ వాక్యం దగ్గర ఏది ఎంచుకున్నావో, ఏ పేజీ చూసి ఎంచుకున్నావో పక్కన పెన్సిల్‌తో రాయి.

ఆశీస్సులతో,
మాస్టారు