ఆరు రోజుల జ్వరం, బీసీజీ మచ్చ ఎర్రబడటం

ఏడు నెలల బాబుకి ఆరు రోజులుగా జ్వరం, యూరిన్ ఇన్ఫెక్షన్‌కని ఇచ్చిన యాంటీబయాటిక్ పనిచేయట్లేదు, బీసీజీ (టీబీ టీకా) వేసిన చోట ఎర్రగా ఉబ్బింది అన్నారు కదండీ. ఆ చివరి మాటకే నాకు కవాసాకి జబ్బు గుర్తొచ్చింది. మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉన్నప్పుడు మా పాపకీ ఇలాగే మొదలైంది. నాలుగు రోజులు సిరప్‌లు మారుస్తూ కూర్చున్నాం.

కవాసాకి అంటే రక్తనాళాల వాపు. ఎర్ర కళ్ళు, పగిలిన పెదాలు, దద్దుర్లు, చేతులూ కాళ్ళూ వాయడం, మెడలో గడ్డ... ఏడాదిలోపు పిల్లల్లో ఇవన్నీ కనిపించకపోవచ్చు. యూరిన్‌లో చీము కణాలు ఉంటాయి, కల్చర్‌లో (బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష) మాత్రం ఏమీ పెరగదు. ఆ రిపోర్ట్ అడిగి చూడండి.

రేపటిదాకా ఆగకుండా ఇవాళే పిల్లల గుండె డాక్టరున్న ఆసుపత్రికి వెళ్ళండి. సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష), ఎకో (గుండె స్కాన్) చేయిస్తారు. ప్లేట్‌లెట్లు సాధారణంగా రెండో వారంలో పెరుగుతాయి, ఇప్పుడు నార్మల్ అని వదిలేయొద్దు. మొదటి ఎకో బాగున్నా అంతే. ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు) జ్వరం మొదలైన 10 రోజుల్లోపు ఎక్కిస్తే గుండె రక్తనాళాలు ఉబ్బే ప్రమాదం సుమారు 25 శాతం నుంచి 5 శాతం లోపుకి తగ్గుతుంది. ఖరీదైన మందే, ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే ఫోన్ చేయండి. ఆస్పిరిన్ సొంతంగా వేయకండి. ఐవీఐజీ ఎక్కిస్తే మీజిల్స్ టీకా సాధారణంగా 11 నెలలు వాయిదా వేస్తారు, అదీ డాక్టర్‌ని అడగండి.