బరువు మీద వాదనలు: జవాబిచ్చే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

గ్రూపులో బరువు గురించి వాదన మొదలైతే వెంటనే టైపు చెయ్యకు నాన్నా. అవతలివాళ్ల మాట కాగితం మీద ఒక్క వాక్యంలో రాసుకో. కింద "ఎందుకంటే" అని వేసి, వాళ్లు చూపిన రుజువు రాయి. మాటకీ రుజువుకీ అతుకు లేకపోతే అక్కడే తెలిసిపోతుంది.

ఎక్కువగా ఎదురయ్యేది కాకతాళీయం. కాకి వాలింది, తాటిపండు రాలింది, కాకి వల్లే రాలిందనడం. "అన్నం మానేశా, వారంలో రెండు కిలోల కొవ్వు కరిగింది" అంటారు చూడు, అదే ఇది. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకునే పిండిపదార్థం) సుమారు అరకిలో నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానితే ఆ నిల్వ ఖర్చవుతుంది, నీరూ పోతుంది. మళ్లీ తింటే రెండూ తిరిగొస్తాయి. బరువు తగ్గిందన్నది అబద్ధం కాదు, కానీ పోయిందాంట్లో ఎక్కువ భాగం నీరే. అందుకే మొదటి వారం అంకె వదిలేసి, మూడు నెలలకి నడుము ఎంత తగ్గిందో అడుగు. ఊపిరి వదిలాక, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య టేపు పెట్టి కొలవాలి. ఆ పద్ధతి మధ్యలో వదిలేసినవాళ్లెంతమందో కూడా అడుగు. వాళ్లు ఫొటోలు పెట్టరు.

"మా తాత నెయ్యి తాగి తొంభై ఏళ్లు బతికాడు" అన్నదీ ఇలాంటిదే. అలాగే తిని అరవైకే పోయినవాళ్లు వచ్చి చెప్పలేరు కదా.

"సన్నగా ఉన్నవాళ్లకీ షుగర్ వస్తోంది, కాబట్టి బరువుతో పనిలేదు" అనేది ఇంకొంచెం చిక్కు. 2004లో పుణె డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్ డాక్టర్ యుడ్కిన్ తమ ఫొటో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తునిబట్టి బరువు లెక్క, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. దీన్నిబట్టి తేలేది, ఒక మనిషి కొవ్వు ఎంతో బీఎంఐ ఒక్కటే చెప్పలేదని. బరువు లెక్కలోకి రాదని కాదు. మన వాళ్లకి బీఎంఐ 23 దాటినా, నడుము మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటినా జాగ్రత్తపడమనేది ఇందుకే.

"ముప్పు 50 శాతం పెరిగింది" అంటే ఎంత నుంచి ఎంతకని అడుగు. వెయ్యిమందిలో ఇద్దరికి వచ్చేది ముగ్గురికి వచ్చినా పెరిగింది 50 శాతమే.

"నువ్వే లావు, నువ్వేం చెప్తావ్" అన్నదానికి జవాబక్కర్లేదు. నువ్వు కూడా ఆ మాట ఎవర్నీ అనకు. వాళ్ల వాదనలో తప్పు దొరికినంత మాత్రాన వాళ్లు చెప్పిందంతా అబద్ధమైపోదు, అదీ గుర్తుంచుకో.

షుగర్ మాత్రలు ఆపెయ్యమనే పోస్టు ఇంట్లో పెద్దవాళ్లకి చేరితే మాత్రం వాదన పక్కన పెట్టు. డాక్టర్ని అడక్కుండా ఒక్క మాత్ర కూడా ఆపొద్దని అప్పుడే ఫోన్ చేసి చెప్పు.